తోక బండి

బోర్డు మీద మినోరి పేరు పక్కన రెండో ఎర్ర బిళ్ళ అంటించాడు బండ్లవాళ్ళ మేస్త్రీ మికమి. అయస్కాంతపు బిళ్ళ కాబట్టి వేలు పెట్టి నొక్కే పని కూడా లేకుండా టక్కున అతుక్కుంది.

"రన్‌వే కుడి అంచున మీటరున్నర వెడల్పున మంచు మిగిలిపోయింది. ఏడు దీపాలు పూడిపోయాయి. తనిఖీ కారు వాళ్ళు ఫోటో తీసి పంపారు," అన్నాడు. కోపంగా అనలేదు. వరి నాట్లప్పుడు వాన ముంచుకొస్తున్నా ఆయన ఇంతే నెమ్మదిగా మాట్లాడతాడని ఊళ్ళో అందరికీ తెలుసు. కాకపోతే ఈ మాటలన్నీ బోర్డు మీది పేరుతో చెప్పాడు గానీ మినోరి మొహం చూసి చెప్పలేదు.

మంచు తోసేవాళ్ళ గదిలో కిరసనాయిలు పొయ్యి చుట్టూ బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. తడి మేజోళ్ళ వాసన, మిసో చారు వాసన కలిసిపోయి ఉన్నాయి. నాలుగో బండి నడిపే ఫుకుషి చారు గిన్నె రెండు చేతులా పట్టుకుని, వరసలో చివరి బండి నడిపే మినోరితో, "ఏం తోకమ్మా, దీపాలకి చలేస్తుందని దుప్పటి కప్పి వచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మినోరి కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

నవ్వనిది ఒసనాయ్ బాబాయి ఒక్కడే. డెబ్భై ఒకటో ఏడు ఆయనకి. ముప్ఫై ఏళ్ళుగా మూడో బండి ఆయనదే. ఒక్కొక్క వేలూ లాగి లాగి చేతితొడుగులు తీసి, రెండూ జత చేసి తొడ మీద పెట్టుకుని, "అమ్మాయ్, లోపలికి లాక్కుంటున్నావు బండిని. భయపడకు. నవంబర్లో బాగానే తోలావుగా," అన్నాడు. తర్వాత జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "కొహారుకి. ఎండు ఆపిల్ ముక్కలు. కాస్త నానబెట్టి పెట్టు, పళ్ళకి గట్టిగా ఉంటాయి."

మూడో బిళ్ళ పడితే బండి దిగాలి. అది ఆ గది పద్ధతి. దిగితే కారు పార్కింగులో పార పట్టుకోవాలి, ఆ పనికి రోజూ పిలుపు రాదు. సీటు కోసం కింది ఊళ్ళో నలుగురు రైతులు ఎదురుచూస్తున్నారు. ఆ సీటు అసలు మినోరి మొగుడు నొబుయాది. అక్టోబర్లో ఆపిల్ కోస్తూ నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మార్చి దాకా ఆమె నిలబెడితే వచ్చే చలికాలం కూడా ఆ సీటు ఆ ఇంటిదే. లేకపోతే ఇంకెవరిదో.

కారెక్కి ఇంటికి వస్తూ దారంతా ఆలోచించింది. తను ఎక్కడ తప్పుతోంది?

మంచు తోయడం కష్టమేం కాదు, కుదురు కావాలి. అయిదు బండ్లు రన్‌వే మీద ఏటవాలుగా వరస కడతాయి. మొదటి బండి మధ్య గీత పట్టుకుంటుంది. దాని ముందరి ఇనప పలక తోసిన మంచు కుడి పక్కన పడుతుంది, రెండోది దాన్ని ఇంకా కుడికి తోస్తుంది, అలా అలా తోక దగ్గరికి వచ్చేసరికి గోడంత పోగవుతుంది. తోక బండి దాన్ని అంచు దీపాల దాకా చేర్చాలి. ఆ తర్వాత చిమ్మే బండి వచ్చి అవతల పారబోస్తుంది. ముందున్న బండి పలక చివర మీద మన పలక ఒక మూర ఎక్కి ఉండాలి. లేకపోతే మధ్యలో మంచు గీత మిగిలిపోతుంది, జడ వేసేముందు తీసిన పాపిడిలాగా. దాన్ని పాపిడి అనే అంటారు అందరూ. పాపిడి తీసినవాడు ఆ రోజు అందరికీ టీ పోయాలి.

నవంబర్లో మంచు పడకముందు పన్నెండు రోజులు ఉత్త రన్‌వే మీదే బండ్లు తోలించారు. ఒసనాయ్ ఆమె పక్క సీట్లో కూర్చుని నేర్పాడు. "ముందు బండిని చూడకు, దాని పలక చివర చూడు. మిగతా లోకం లేదనుకో." అంచు దీపం దగ్గరికి వస్తుంటే ముందుగానే "దీపం" అనేవాడు, పాట పాడినట్టు. "దీపం... దీపం..." ఆయన గొంతు వింటూ తోలితే బండి దానంతటదే వెళ్ళినట్టుండేది. పన్నెండో రోజు పలకల మీద సాకే సారాయి చల్లి, ఎవరి తోట ఆపిల్ వాళ్ళు తెచ్చి స్టీరింగు ముందు పెట్టుకున్నారు. మంచు కరిగేదాకా దాన్ని ఎవరూ తినరు.

పలక చివర చూసే తోలుతోంది. ఫుకుషి పలక మీద మూర ఎక్కించే తోలుతోంది. ఒక్కసారి కూడా పాపిడి తియ్యలేదు. మరి అంచున మీటరున్నర ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఇంటికి వచ్చేసరికి కొహారు ఆపిల్ పెట్టెలో నింపే ఊకంతా చాప మీద ఒలకబోసి మధ్యలో కూర్చుని ఉంది. అత్తగారు వంటింట్లోంచి, "రెండు నిమిషాలు చూడలేదంతే," అంది. నొబుయా అడుగున కుంపటి ఉన్న వేడి బల్ల దగ్గర పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఇప్పుడిప్పుడే పక్కకి తిరగగలుగుతున్నాడు.

"అమ్మా, మంచు," అంది కొహారు ఊక చూపించి.

"మంచైతే తోద్దాం పద," అంది మినోరి. తిట్టే ఓపిక లేదు. పెట్టె అట్ట చింపి నాలుగు ముక్కలు చేసింది. ఒకటి నొబుయాకిచ్చింది, ఒకటి పిల్లకి, రెండు తన రెండు చేతుల్లో. చాప అంచు గుడ్డే దీపాల వరస అనుకున్నారు. నొబుయా పడుకునే చెయ్యి చాపి మొదటి ముక్క తోశాడు. వెనక కొహారు. దాని వెనక తల్లి ఎడం చెయ్యి, ఆ వెనక కుడి చెయ్యి.

కొహారు మూడేళ్ళ పిల్ల. నాన్న అట్టకి దూరంగా ఉండలేదు. తన ముక్కని నాన్న ముక్కకి ఆనించి, ఎక్కడ వదిలిపోతాడో అన్నట్టు అతుక్కుని తోసింది. దాని పక్కన ఊక గీత పడబోయింది. మినోరి ఆలోచించకుండానే ఎడం చెయ్యి లోపలికి జరిపి ఆ గీత ఊడ్చేసింది. ఎడం చెయ్యి జరిగింది కాబట్టి కుడి చెయ్యీ జరిగింది. చాప చివరికి వచ్చి వెనక్కి చూస్తే మధ్యంతా శుభ్రంగా ఉంది. అంచు గుడ్డ పొడుగునా జానెడు వెడల్పు ఊక మిగిలిపోయింది.

మినోరి ఆ ఊక వంకే చూస్తూ మోకాళ్ళ మీద ఉండిపోయింది.

"అమ్మ బాగా తోయలేదు," అంది కొహారు.

"మూడో బండి కొహారు అట్టలాగా లోపలికి వస్తోంది," అంది మినోరి, ఎవరితోనో అన్నట్టు. "మూడోది లోపలికొస్తే నాలుగోది రావాలి. నాలుగోది వస్తే నేను."

నొబుయా మళ్ళీ వెల్లకిలా తిరిగాడు. పైకప్పు చూస్తున్నాడు. అతను పైకప్పు చూడటం మొదలెట్టాడంటే ఏదో మింగుతున్నట్టే.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు. అంతకు ముందే మొదలైందేమో. కుడి కంట్లో పొర వచ్చింది బాబాయికి. మంచు చిమ్ముతుంటే రెండో బండి పలక చివర కనపడదు, అందుకని దానికి అతుక్కుని తోలతాడు. ఫుకుషి తన దారిలో తను పోతే బాబాయి పక్కనే పాపిడి పడుతుంది, ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. అందుకని లోపలికొచ్చి ఊడ్చేస్తాడు."

"మికమికి తెలుసా?"

"తెలియందెవరికి? బాబాయికి తప్ప. ఆయన వెనక్కి చూసేసరికి శుభ్రంగా ఉంటుంది కదా."

"అయితే ఆ బిళ్ళలు..."

"తోకలో ఎప్పుడూ అందరికంటే వెనక చేరినవాళ్ళే ఉంటారు. అలాంటివాళ్ళు తప్పు చేశారంటే తనిఖీ వాళ్ళూ నమ్ముతారు. పోయినేడు నాకూ రెండు పడ్డాయి. మార్చి వచ్చింది కాబట్టి బతికిపోయాను."

మినోరి ఊకని చేత్తోనే పోగుచేయడం మొదలెట్టింది. "నాకు ముందే చెప్పి ఉండాల్సింది."

"చెప్తే నువ్వు ఎక్కేదానివా?"

"ఎక్కేదాన్నే. కళ్ళు తెరుచుకుని ఎక్కేదాన్ని. ఇప్పుడు జనవరి, ఇంకా రెండు నెలలుంది. మూడోది పడితే ఈ ఇంటి సీటు పోతుంది, తెలుసా?"

"తెలుసు. పొద్దస్తమానం ఇక్కడ పడుకుని అదే ఆలోచిస్తున్నాను." తన అట్టముక్క పక్కన పెట్టి అన్నాడు, "నా మొదటి చలికాలం నేను రెండు దీపాలు విరగ్గొట్టాను. తనే విరగ్గొట్టానని చెప్పి బాబాయి ఆ నింద తన మీద వేసుకున్నాడు. ఇరవై ఏళ్ళవాణ్ణి, ఏడుస్తూ కూర్చుంటే ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించాడు. ఆయన మొహం మీద నీకు కళ్ళు కనపడవు అని ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

చెప్పగలనా అని తనని తానే అడిగింది. పొట్లంలోని ఆపిల్ ముక్కలు గిన్నెలో నానబెడుతూ మళ్ళీ అడిగింది. సన్నగా, ఒకేలా కోసిన ముక్కలు. కంట్లో పొర ఉన్న మనిషి వాటిని ఎంతసేపు కోశాడో.

మూడో రోజు పొద్దున్నుంచే సముద్రం వైపు నుంచి మంచు దిగింది. ఇవాకి కొండ కనపడలేదు, గుట్ట మీది విమానాశ్రయానికి వెళ్ళే దారే సరిగ్గా కనపడలేదు. ఉదయం విమానాలు రెండూ రద్దయ్యాయి. మధ్యాహ్నానికి లాంజిలో జనం నేల మీద పరుపులు వేసుకుని కూర్చున్నారు. డిసెంబర్లోనే లెక్క చూసి పెట్టుకున్న కంబళ్ళు, పాల డబ్బాలు, పిల్లల డైపర్లు గిడ్డంగి లోంచి బయటికి వచ్చాయి. చేతులు తక్కువయ్యాయని బండ్ల వాళ్ళని కూడా పిలిస్తే మినోరి వెళ్ళి కంబళ్ళు మోసింది. కిటికీ అద్దం దగ్గర ఒకావిడ పసిబిడ్డని భుజాన వేసుకుని ఊగుతూ నిలబడి ఉంది. ఆమెకి వేడినీళ్ళ ఫ్లాస్కు తెచ్చి ఇచ్చింది.

"ఈ రోజు ఎగురుతుందంటారా?" అని అడిగింది ఆవిడ. "రేపు పొద్దున్న మా అమ్మకి ఆపరేషన్. టోక్యోలో."

"అక్కణ్ణుంచి రావలసిన విమానం దిగితే, అదే తిరిగి వెళ్తుంది," అంది మినోరి. దిగాలంటే రన్‌వే తెరవాలి. ఆ మాట లోపలే అనుకుంది.

గదికి తిరిగి వచ్చేసరికి మికమి రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. "టోక్యో విమానం పైన తిరుగుతోంది. ముప్ఫై నిమిషాలు ఆగుతుందట. ఇరవై అయిదులో రన్‌వే ఇస్తే దిగుతుంది, లేకపోతే వెనక్కి పోతుంది. అంచులతో సహా శుభ్రంగా కావాలంటున్నారు." అప్పుడు మొదటిసారి మినోరి వైపు చూశాడు. చూసి వెంటనే బోర్డు వైపు తిరిగాడు.

అందరూ బూట్లు తొడుక్కుంటున్నారు. మినోరి లేచి నిలబడింది. పొద్దున్నుంచి ఒక మాట లోపల పేర్చుకుంటోంది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

"బాబాయ్," అంది. "నవంబర్లోలాగా ఈ ఒక్క రౌండు నా పక్కన కూర్చుంటారా? నాకు రెండు బిళ్ళలు పడ్డాయి. ఎక్కడ తప్పుతున్నానో నాకు అర్థం కావట్లేదు. మీరు చూసి చెప్పండి."

ఫుకుషి బూటు లాగుతూ లాగుతూ ఆగిపోయాడు. కళ్ళెత్తి ఆమెని చూశాడు. ఆ చూపుకి మినోరి చెవుల దాకా వేడెక్కింది.

"ఇప్పుడా? మరి నా బండి?" అన్నాడు ఒసనాయ్.

మికమి రేడియో తీసి పక్కనున్న గుమస్తా చేతిలో పెట్టి, "మూడోది నేను తీసుకుంటాను," అన్నాడు.

"క్లచ్చి తొందరపెట్టకు, కోపమొస్తుంది దానికి," అని చెప్పి ఒసనాయ్ చేతితొడుగులు తగిలించుకున్నాడు. "పద అమ్మాయ్. పిల్ల అడిగితే కాదంటామా."

అయిదు బండ్లూ వరస కట్టాయి. తెల్లటి పొగలాంటి మంచు లోంచి ఫుకుషి బండి వెనక దీపాలు, దాని పలక చివర కట్టిన ఎర్ర జెండా. మినోరి లోకం అంతే. స్టీరింగు ముందు ఆమె తోట ఆపిల్ వేగానికి అటూ ఇటూ ఊగుతోంది. ఆ బండ్లకి స్టీరింగు ఎడమ వైపే; కుడి కిటికీ పక్క కూర్చున్న ఒసనాయ్ అద్దం తుడుచుకుని బయటికి వంగాడు.

మొదటి అంచు దీపం కనపడింది, దగ్గరికి వచ్చింది, పక్క నుంచి వెళ్ళిపోయింది.

"దీపం," అన్నాడు ఒసనాయ్.

మినోరి ఎర్ర జెండా మీంచి కళ్ళు తిప్పలేదు. రెండోది వచ్చింది. వెళ్ళింది.

"దీపం."

మూడోది కూడా వెనకపడ్డాకే అన్నాడు. అదే పాట గొంతు, కాకపోతే ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యం. నాలుగోది, అయిదోది. ఎనిమిదో దీపం దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. ఆ తర్వాత దీపాలు మాట లేకుండా వెళ్ళాయి. చేతితొడుగు తీసి కుడి కన్ను నలుపుకున్నాడు. తర్వాత ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితోనే కాసేపు బయటికి చూశాడు.

ఈసారి ఫుకుషి పలక లోపలికి జరగలేదు. మూర ఎక్కించి పట్టుకుంటే ఆమె పలక నేరుగా దీపాల వరస దాకా చేరుకుంది. ఇన్నాళ్ళూ అందని అంచు, చెయ్యి చాపితే అందినట్టు అందింది. తిరుగు రౌండులో ఒసనాయ్ పక్క అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. వెనక నల్లటి రన్‌వే పొడుగ్గా పరుచుకుని ఉంది, అంచు దీపాలు ఒక్కటీ పూడకుండా.

ఇరవై రెండో నిమిషాన రేడియోలో తనిఖీ కారు గొంతు వచ్చింది. "కుడి అంచు శుభ్రం. రన్‌వే తీసుకోవచ్చు."

బండ్లు పక్క దారిలోకి వచ్చి వరసగా ఆగాయి. విమానం మబ్బులోంచి దీపాలు వెలిగించుకుని దిగింది. మంచు దుమారం లేచి బండి అద్దాలు కప్పేసింది. లోపల ఇద్దరే మిగిలారు.

"నీ తప్పు చూసి చెప్పమన్నావు కదా," అన్నాడు ఒసనాయ్.

"అవును బాబాయ్."

"ఈ రోజు ఫుకుషి లోపలికి రాలేదు."

మినోరి స్టీరింగు మీదే చేతులు పెట్టుకుని ఉంది.

"మూడో బండిలో నేను లేను కాబట్టి," అన్నాడు. ఒక్కొక్క వేలే లాగి రెండో చేతితొడుగు కూడా తీశాడు. "నొబుయాకి నేనే చీవాట్లు పెట్టాను పోయినేడు. లోపలికి పోకురా, పిరికివాడా అని. ఒక్క మాట తిరిగి అనలేదు. మొన్న నీకూ అదే చెప్పాను."

"నాకూ మొన్ననే తెలిసింది, బాబాయ్. ఊకలో. కొహారు ఊక ఒలకబోస్తే..." ఆయన వైపు తిరిగింది. "అందరి ముందూ అడిగినందుకు తిట్టండి నన్ను."

ఆయన తిట్టలేదు. స్టీరింగు ముందు కదిలిపోయిన ఆపిల్‌ని తడిమి తీసి దాని చోట్లో సరిగ్గా పెట్టాడు.

గదిలోకి ముందు ఆయనే వెళ్ళాడు. మంచు దులుపుకోకుండా నేరుగా బోర్డు దగ్గరికి నడిచాడు. మొహం బోర్డుకి బాగా దగ్గరగా పెట్టి, మినోరి పేరు పక్కనున్న రెండు ఎర్ర బిళ్ళలూ తీసి, మూడో వరసలో ముప్ఫై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న తన పేరు పక్కన పెట్టాడు. టక్. టక్.

"మూడోది ఇవ్వు, మికమీ."

"బాబాయ్, కూర్చోండి ముందు. తనిఖీ వాళ్ళకి నేను ఏదో..."

"పోయినేడు నొబుయాకి పడ్డవీ కలిపితే నాలుగవుతాయి. పద్ధతి పెట్టింది నేనే కదా. ఇవ్వు."

మికమి పెట్టెలోంచి బిళ్ళ తీసి ఇచ్చాడు. ఒసనాయ్ దాన్నీ అంటించి, వెనక్కి తిరిగి అందరినీ చూశాడు. "మంచోళ్ళురా మీరు. పసివాడు ఒలకబోస్తుంటే వెనకాలే అమ్మ ఊడ్చుకుంటూ తిరిగినట్టు తిరిగారు. నోరు తెరిచి ఒక్కడు చెప్పొచ్చు కదా. కొరుకుతానా?"

"కొరుకుతావు బాబాయ్," అన్నాడు ఫుకుషి. "అందుకే చెప్పలేదు."

ముందు మికమి నవ్వాడు. తర్వాత అందరూ. ఒసనాయ్ కూడా నవ్వి, ఎవరి పక్కనో కూలబడి, ఎవరి గిన్నెలోదో చారు తాగాడు. ఫుకుషి లేచి, ఎవరూ అడగకుండానే, అందరికీ టీ పోశాడు. మినోరి కప్పు దగ్గర ఆగి, "తోకమ్మా," అన్నాడు. కప్పు నిండినా ఆపకుండా టీ పొంగిపొర్లేదాకా పోశాడు.

గురువారం ఆయన్ని పట్నంలో కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళే పని కూడా ఫుకుషే పెట్టుకున్నాడు. పొర తీసే ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలైనా పడుతుందన్నారు.

మర్నాడు తెల్లవారి మినోరి బండి తలుపు తీసేసరికి స్టీరింగు ముందు రెండు ఆపిల్స్ ఉన్నాయి. ఒకటి తమ తోటది. రెండోది చిన్నది, చర్మం ముడతలు పడి ఉంది. పక్క సీట్లో ఒసనాయ్ అప్పటికే సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు.

"దిగిపోవాలని ఉంది కదా పద్ధతిలో," అంది మినోరి.

"బండి తోలేవాళ్ళు దిగాలని ఉంది. పక్కన కూర్చునేవాళ్ళ సంగతి రాయలేదు," అన్నాడు. "మికమిని అడిగాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ ముల్లంగి పచ్చడి మీద బరువుకి పెట్టే రాళ్ళు మోయిస్తుంది. ఇక్కడే నయం."

బండ్లు కదిలాయి. మంచు సన్నగా పడుతోంది. ఫుకుషి పలక చివర జెండా స్పష్టంగా కనపడుతోంది. ఒసనాయ్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బండి చప్పుడు వింటున్నాడు.

ముందు మంచులో ఒక వెలుగు మసకగా మొదలైంది. ఇంకా దగ్గరికి రాలేదు.

"దీపం," అంది మినోరి.

ఆయన తల ఊపాడు.